తాతల నాటి మిద్దెను టూరిస్టు గదులుగా మారిస్తే పర్యావరణానికి నిజంగా మేలేనా?

మీరు అడిగింది ఇదీ: కావలి దగ్గర పల్లెలో మీ ముత్తాత కట్టించిన మిద్దె ఉంది. కిందా పైనా కలిపి ఐదు వేల చదరపు అడుగులు. చాలా ఏళ్లుగా తాళం వేసే ఉంది. అన్నదమ్ములు దాన్ని పడగొట్టి అదే చోట లాడ్జి కడదామంటున్నారు. మీరేమో ఉన్నదాన్నే బాగుచేసి, వచ్చిపోయేవాళ్లకు గదులుగా ఇద్దామంటున్నారు. పాత కట్టడాన్ని ఇలా వాడుకుంటే పర్యావరణానికి మేలంటారే, అది నిజమా, హోటళ్లవాళ్లు చెప్పుకునే కబురా అన్నది మీ సందేహం.

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పాత ఇళ్లు, సత్రాలు, బంగళాలు మరమ్మతు చేయించే పనిలోనే నా సర్వీసంతా గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: నిజమే. కాకపోతే దేనితో పోల్చి మేలంటున్నామో ముందు తేల్చుకోవాలి. కొత్త లాడ్జితో పోలిస్తే మీ మిద్దె ఎంతో నయం. తాళం వేసిన ఇంటితో పోలిస్తే మాత్రం మీరు కొత్తగా కరెంటు, నీళ్లు, మురుగు, కార్ల రాకపోకలు తెచ్చిపెడుతున్నారు. హోటళ్ల బ్రోచర్లలో మొదటి పోలికే కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

లాడ్జి లెక్క చూద్దాం. మన జిల్లాల్లో ఏ కాంట్రాక్టరును అడిగినా చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము అంటాడు. ఐదు వేల అడుగులకు రెండు వేల బస్తాలు, అంటే 100 టన్నుల సిమెంటు. ఇనుము 20 టన్నులు. మామూలు సిమెంటు టన్ను తయారైతే 800 నుంచి 900 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కొలిమిని 1450 డిగ్రీల దాకా వేడెక్కించే బొగ్గు పొగ అందులో ఒక భాగం మాత్రమే. సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే వెలువడే వాయువు అంతకంటే ఎక్కువ. అందుకే ఫ్యాక్టరీ పైన ఎన్ని సోలార్ పలకలు పరిచినా సిమెంటు పొగ పూర్తిగా పోదు. బూడిద కలిపిన సిమెంటు వాడితే కొంత తగ్గుతుంది. ఇనుముకు టన్నుకు రెండు టన్నుల పైమాటే. అంతా కలిపితే సిమెంటు, ఇనుముల వాటానే 130 టన్నుల దగ్గర తేలుతుంది. ఇటుకలు, కంకర, పెన్న ఇసుక, వాటిని మోసుకొచ్చే లారీల డీజిలు ఇందులో కలపలేదు.

పడగొట్టడం కూడా ఊరికే అయ్యే పని కాదు. మీ మిద్దె గోడలు అడుగున్నర మందం ఉంటాయనుకుంటున్నాను, ఆ కాలపు ఇళ్లన్నీ దాదాపు అంతే. కిందా పైనా గోడల పొడవు, ఎత్తు వేసి చూస్తే గోడలే ఆరు వందల టన్నుల దాకా తూగుతాయి. పది టన్నుల టిప్పరుకు అరవై ట్రిప్పులు. అదంతా ఎక్కడికి పోతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. చెరువు కట్ట వారన, కాలువ గట్టున, పోరంబోకులో. బకింగ్‌హాం కాలువ గట్ల వెంట నడిచి చూడండి, ఏ ఊరి శిథిలం ఏదో పోల్చుకోవచ్చు.

మరమ్మతుకు కూడా సామాను పడుతుంది. బాత్‌రూములు, పైపులు, వైర్లు, కొన్ని దూలాలు, కొంత సిమెంటు తప్పవు. జాగ్రత్తగా చేస్తే ఆ భారం కొత్త కట్టుబడిలో నాలుగో వంతు దాటదన్నది నా అంచనా. అంటే లాడ్జి కట్టకుండా మిద్దెను బాగుచేసుకుంటే సుమారు 100 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మిగిలినట్టు. అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ 2011లో ఇలాంటి లెక్కే వేసింది. పాతదాన్ని పడగొట్టి, కరెంటు తక్కువ తినే కొత్త భవనం కట్టినా, కట్టేటప్పుడు జరిగిన నష్టం పూడటానికి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని తేల్చింది. ఏ రకం భవనం, ఏ ఊరి వాతావరణం అన్నదాన్ని బట్టి అంత తేడా. వాళ్ల చలి వేరు, మన ఉక్క వేరు కాబట్టి ఆ అంకెను తెచ్చి కావలికి అతికించను. దిశ మాత్రం అదే.

ఇప్పుడు ఆ 100 టన్నులు ఎలా కరిగిపోతాయో చూడండి. పది గదులు చేసి పదింటికీ ఒకటిన్నర టన్ను ఏసీలు పెట్టారనుకుందాం. రాత్రికి గదికి ఎనిమిది యూనిట్లు, ఏడాదిలో రెండు వందల రాత్రులు. మొత్తం 16,000 యూనిట్లు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల లెక్కన ఏటా 11 టన్నులు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి మీరు మిగిల్చినంతా ఏసీల్లో పోయినట్టే. కొత్త లాడ్జిలోనూ ఏసీలుంటాయి కదా అని మీ అన్నగారు అడుగుతారు. ఉంటాయి. కానీ అక్కడ పదడుగుల కప్పు, బిగువైన అల్యూమినియం కిటికీలు. మీ గదుల్లో పద్నాలుగు అడుగుల కప్పు, సందులున్న టేకు తలుపులు, కప్పు కింద వెంటిలేటర్లు. అదే చల్లదనానికి మీ ఏసీ ఎక్కువసేపు తిరగాలి. పాత ఇంటిని కొత్త హోటల్లా నడపబోతే పాత ఇంటి సుగుణాలన్నీ మనకే ఎదురు తిరుగుతాయి.

కాబట్టి ఆ ఇంటి చేత దాని పద్ధతిలోనే పని చేయించాలి. అడుగున్నర గోడ పగటి ఎండను నెమ్మదిగా లోపలికి పంపుతుంది, ఆ వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి మీ మిద్దె కింది గదిలో హాయిగా కునుకు తీయవచ్చు. రాత్రి పదింటికి అదే గోడకు వీపు ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. పై అంతస్తు ఇంకా ఘోరం, కప్పు కూడా తోడవుతుంది. మన పెద్దవాళ్లు ఎండాకాలం రాత్రుళ్లు గదుల్లో పడుకోలేదు. వాకిట్లోనో, డాబా మీదో నులక మంచాలు వేసుకునేవాళ్లు. పాత ఇల్లు సహజంగానే చల్లగా ఉంటుందని రాసేవాళ్లలో ఎక్కువమంది అక్కడ మే నెల రాత్రి గడిపి ఉండరు.

అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా పై గదులు అద్దెకివ్వొద్దు. ఇవ్వాల్సి వస్తే ఆ గదులకే ఏసీ పెట్టండి. కింద ఫ్యాన్లు చాలు. పడమటి గాలి వీచే రోజుల్లో కూలరు బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తిరిగాక మాత్రం దాన్ని ఆపేయాలి, ఉక్క పెంచడం తప్ప దానితో లాభం లేదు. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పై వెంటిలేటర్లు తెరిచి, పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూయడం పనివాళ్లకు అలవాటు చేయండి. డాబా మీద ఏటా వేసవికి ముందు తెల్లసున్నం రెండు పూతలు పూయించండి. ఖర్చు తక్కువ, తేడా చేతికి తెలుస్తుంది. మండువాను మాత్రం పారదర్శక రేకులతో కప్పించకండి. వాన పడుతుందని, కోతులు దిగుతాయని చాలామంది కప్పేస్తున్నారు. వేడిగాలి పైకి పోయే దారే అది. కోతులకైతే ఇనుప జాలీ చాలు.

ఇలా ఆరు గదులు, అందులో మూడింటికే ఏసీ, ఏడాదికి 150 రాత్రులు అనుకుంటే 3,600 యూనిట్లు, రెండున్నర టన్నులు. దొడ్లో గొడ్ల కొట్టం రేకుల మీద ఐదు కిలోవాట్ల సోలార్ పలకలు పెడితే ఏటా ఏడు వేల యూనిట్ల దాకా వస్తాయి, లెక్క మీ వైపు తిరుగుతుంది. పలకలు మిద్దె కప్పు మీద మాత్రం బిగించొద్దు. ఎందుకో చెబుతాను, ఈ పనిలో అసలు కీలకమంతా ఆ కప్పులోనే ఉంది.

మన వైపు నూరేళ్ల నాటి మిద్దెలు ఎక్కువగా మద్రాసు టెర్రస్ కప్పులు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, చాలాచోట్ల అది బర్మా టేకే. వాటి మీద చిన్న, పలుచటి ఇటుకలను నిలువుగా, మూలవాటంగా డంగు సున్నంతో పేర్చుతారు. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు వేసి కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొడతారు. అందులో నీళ్లు ఇంకి గట్టిపడేదాకా కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొట్టాలి. చివర పలుచటి బిళ్లలు పరుస్తారు. వాటం సరిగ్గా ఉండి, ఏటా వానలకు ముందు సందులు పూడ్చుకుంటే ఆ కప్పు నూరేళ్లు తేలిగ్గా ఉంటుంది. సోలార్ పలకల కోసం దానికి బోల్టులు దింపితే నీళ్లకు దారి ఇచ్చినట్టే.

దాన్ని పాడుచేసేది ఎక్కువగా మన వైద్యమే. కప్పు కారుతోందనగానే ఎవరో ఒకరు పైన రెండంగుళాల సిమెంటు పోయిస్తారు. దూలాలకు బరువు పెరుగుతుంది. ఎండకు సిమెంటు పొర ఒకలా, కింది సున్నం ఇంకోలా సాగుతాయి, సన్నని పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి దిగిన నీరు తిరిగి పైకి ఆరే దారి లేక కిందికి, దూలాలు గోడలో దిగే చోటికి చేరుతుంది. అక్కడ టేకు కూడా మెత్తబడుతుంది. చెమ్మ తగిలిన దూలం కొస చెదలకు పిలుపే. ఆ పైన కింది నుంచి ఫాల్స్ సీలింగ్ కూడా కొట్టించారంటే లోపల ఏం జరుగుతోందో కప్పు జారేదాకా తెలియదు. అతిథులు పడుకునే గదిలో అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. కాబట్టి అన్నిటికంటే ముందు ప్రతి దూలం కొసనూ సన్నటి ఉలితో గుచ్చి చూడాలి. ఉలి అరంగుళం దిగితే ఆ కొస పని అయిపోయినట్టే. మొత్తం దూలం మార్చనక్కర్లేదు, చెడిన కొస కోసి కొత్త టేకు అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు.

కొన్ని ఇళ్లలో టేకుకు బదులు ఇనుప గర్డర్లు వేసి మధ్యలో ఇటుక కమానులు కట్టారు. సముద్రానికి దగ్గరైతే అవి తుప్పు పట్టి ఉబ్బుతాయి, ఇటుక రాలుతుంది. మీది ఆ రకమైతే నేను రాసిన లెక్కలు పక్కన పెట్టి, ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

గోడల విషయంలోనూ ఇదే కథ. కింది మూడడుగులు చెమ్మగా ఉందని సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తారు. పునాదిలోంచి పైకి పాకే చెమ్మ సున్నపు గోడలో అయితే బయటికి ఆరిపోతుంది. సిమెంటు అడ్డం పెట్టగానే అది ఐదడుగులకు ఎక్కుతుంది, చౌడు పొడి రాలుతుంది, ఆ పైన ఇంకో మూడడుగుల సిమెంటు పడుతుంది. ఉన్న సిమెంటు కొట్టించి సున్నంతోనే మళ్లీ పూయించండి, పైన సున్నపు వెల్లే వేయించండి. ప్లాస్టిక్ పెయింటు వద్దు.

సున్నం గురించి ఒక మాట. సున్నం పర్యావరణానికి మచ్చలేని సరుకని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. అది నిజం కాదు. సున్నపురాయి కాల్చి టన్ను పొడిసున్నం తీస్తే, పొయ్యి పొగ కాకుండానే, రాయిలోంచి 780 కిలోల వాయువు వస్తుంది. గోడకెక్కి గట్టిపడే క్రమంలో అది గాలిలోంచి అందులో చాలా భాగాన్ని వెనక్కి తీసుకుంటుంది. సుమారు 900 డిగ్రీల వేడి చాలు కాబట్టి ఇంధనమూ తక్కువ. ఇదంతా బాగానే ఉంది. సున్నం అసలు గొప్ప వేరేచోట ఉంది: అది ఇటుక కంటే మెత్తన. గోడ కాస్త కదిలితే సున్నం పగులుతుంది, ఇటుక పగలదు. రేపెప్పుడైనా గోడ విప్పినా ఇటుకలు చెక్కుచెదరకుండా వస్తాయి, మళ్లీ కట్టుకోవచ్చు. సిమెంటుతో కట్టిన గోడ విప్పితే వచ్చేది చెత్త.

ఈ పనికి మనుషులు దొరకడమే కష్టం. డంగు సున్నం రుబ్బడం, దిమ్మెలతో కొట్టడం తెలిసిన బేల్దారి మేస్త్రులు మన జిల్లాల్లో వయసు మీద పడినవాళ్లే మిగిలారు. దొరికితే ఇద్దరు కుర్రాళ్లను పక్కన పెట్టి నేర్పించండి, కూలి మీరే ఇవ్వండి. కొత్త కట్టుబడిలో డబ్బు ఎక్కువ భాగం సిమెంటు కంపెనీకి, ఇనుము కంపెనీకి పోతుంది. మరమ్మతులో ఎక్కువ భాగం కూలీగా ఊళ్లోనే తిరుగుతుంది. టూరిస్టుల వల్ల ఊరికి ఆదాయం అని చెప్పుకునే మాటల్లో నేను నమ్మేది ముందుగా దీన్నే, ఎందుకంటే అతిథి ఒక్కడు రాకముందే ఆ డబ్బు చేతులు మారుతుంది.

ఇక నీళ్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ లక్ష్యం. బస ఉండే హోటళ్లకు మన ప్రమాణాలు చెప్పే లెక్క మంచానికి 180 లీటర్లు. మీ ఆరు గదుల్లో పన్నెండుమంది ఉంటే రోజుకు 2,160 లీటర్లు, అంటే నలభైమంది ఊరివాళ్ల నీళ్లు. తీరం వైపు బోర్లు లోతుకు తోడితే ఉప్పునీరు లోపలికి పాకుతుంది, రొయ్యల గుంటల పక్క ఊళ్లవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. పడమట, కనిగిరి వైపు అయితే ఫ్లోరైడు బాధ. కాబట్టి ఈత కొలను ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. చేతి షవరు కంటే బకెట్టూ చెంబూ నీళ్లు ఆదా చేస్తాయి. చెన్నై నుంచి వచ్చే కుటుంబాలు దానికేమీ నొచ్చుకోవు, మంచి ఇత్తడి గంగాళం పెడితే ఫొటోలు కూడా తీసుకుంటారు.

మీ కప్పు 2,500 చదరపు అడుగులు. నెల్లూరు జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన, ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. ఐదో వంతు పోయినా లక్షా ఎనభై వేల లీటర్లు పడతాయి. అన్ని గదులూ నిండినా అవి దాదాపు ఎనభై రోజుల నీళ్లు. అంత తొట్టి కట్టడం కుదరదు, కడితే మళ్లీ సిమెంటే. దొడ్లో పాత బావి ఉంటే పూడిక తీయించి, కప్పు నీళ్లను ఇసుకా కంకర గుంట గుండా వడకట్టి బావికి వదలండి. మన పెద్దలు మండువా నీళ్లు దొడ్డి బావి వైపు పోయేలా తూము పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను. మీ ఇంట్లో ఆ తూము సిమెంటు కింద పూడి ఉందేమో వెతకండి.

బాత్‌రూములు ఎక్కడ పెట్టాలన్నదే ఇలాంటి ఇళ్లలో సగం తప్పులకు మూలం. ప్రతి గదికీ అటాచ్డ్ కావాలని పై అంతస్తులో టేకు దూలాల కప్పు మీద టైల్స్ వేసి బాత్‌రూము కట్టించినవాళ్లను చూశాను. నీటి చుక్క కంటికి కనిపించేలోపు కింద దూలం పోతుంది. పైపుల కోసం గోడల్లో గాడి కొట్టడం ఇంకో పొరపాటు. వెనక దొడ్డి వైపు, మిద్దె గోడకు జానెడు ఎడంగా, సొంత పునాదితో బాత్‌రూముల వరుస వేరే కట్టండి. గదుల్లోంచి పాత కిటికీ ఒకటి తలుపుగా మార్చి దారి ఇవ్వవచ్చు. రేపు మీ పిల్లలకు ఈ వ్యాపారం వద్దనిపిస్తే ఆ వరుస తీసేస్తే చాలు, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. స్నానాల నీళ్లు అరటి చెట్లకు, కొబ్బరి చెట్లకు మళ్లించండి. సెప్టిక్ ట్యాంకు బావికి దూరంగా, పల్లం వైపు.

ఆరు గదులని ఇందాకటి నుంచి అంటున్నాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఇంటి యజమాని అక్కడే నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వవచ్చు. మీ అన్నదమ్ముల్లో ఎవరైనా అక్కడ ఉండగలరా అన్నది తేల్చుకోండి. హెరిటేజ్ హోటల్ గుర్తింపు వేరే దారి, 1950కి ముందు కట్టినదై ఉండాలి, షరతులు ఎక్కువ. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం దగ్గరలో ఉంటే మొదటి 100 మీటర్లలో కొత్త కట్టుబడికి వీల్లేదు, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి కావాలి. మీ ఊళ్లో అలాంటిది లేకపోవచ్చు. ఈ సమాధానం చదివి ఉదయగిరి కోట కింద ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఉత్సాహపడితే ముందు ఇది కనుక్కోవాలి. సత్రాల సంగతి మరీ వేరు. చాలావాటి మీద దేవాదాయ శాఖ అజమాయిషీ ఉంటుంది, కట్టించిన వంశం వాళ్లమని చెప్పి లీజుకు ఇవ్వడం చెల్లదు.

ఇంటి కంటే ఎక్కువ పొగ వచ్చేది అతిథి కారులోంచి అని కూడా చెప్పాలి. చెన్నై నుంచి కావలికి రానూపోనూ 460 కిలోమీటర్లు. పెట్రోలు కారు 30 లీటర్లు తాగుతుంది, 70 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే మీ ఏసీ గదిలో పన్నెండు రాత్రుల కరెంటుతో సమానం. ఒక్క రాత్రి ఉండి పోయేవాడి వల్ల గిట్టుబాటు ఎవరికీ లేదు, మీ దుప్పట్ల ఉతుకు ఖర్చు కూడా తడిసి మోపెడవుతుంది. రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వొద్దు. కావలి చెన్నై-విజయవాడ రైలు మార్గం మీదే ఉంది కదా, స్టేషనుకు ఆటో పంపుతామని చెప్పండి. రెండో రోజు చూపించడానికి ఏముందంటారా? తుమ్మలపెంట తీరం పక్కనే. ఆవిరి ఇంజన్ల కాలంలో వెలిగిన బిట్రగుంట రైల్వే కాలనీ ఉంది, రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు దానికోసమే వస్తారు. ఉదయగిరి కొండా, అక్కడ కొయ్య గరిటెలూ చెంచాలూ చెక్కే ఇళ్లూ ఉన్నాయి. జొన్నవాడ, పెంచలకోన సరే సరి. ఓపికున్నవాళ్లకు భైరవకోన గుహాలయాలు. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జనం చూస్తే గదులకు ఎంత కరువో అర్థమవుతుంది. ఆ వారం మీ ఇల్లు నిండుతుంది. కానీ ఆ వారాన్ని చూసి గదులు పెంచుకోవద్దు. మన జిల్లా రాజస్థాన్ కాదు, ఏడాదిలో సగం రాత్రులు నిండితే గొప్ప.

పోల్చుకోవాలంటే పెద్ద హోటళ్లుగా మారిన రాజస్థాన్ నీమ్‌రానా కోటనో, హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌నో చూడకండి. ఆ డబ్బు వేరు, ఆ నీళ్ల వాడకం వేరు. తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల చెట్టినాడు ఇళ్లను చూసి రండి. అదే బర్మా టేకు, అదే సున్నపు పని, అదే ఉక్క, మీలాగే ఊళ్లు వదిలిపోయిన వారసులు. కొన్ని ఇళ్లు నిజంగా బాగా నడుస్తున్నాయి. అక్కడే పాత సామాన్ల అంగళ్లు కూడా కనిపిస్తాయి, వరసగా స్తంభాలు, ద్వారబంధాలు, ఊయల బల్లలు. అవన్నీ కూలిన ఇళ్లవి. ఒక ఇంటిని హెరిటేజ్ హోటల్‌గా అలంకరించడానికి ఇంకో నాలుగు ఇళ్ల తలుపులు కొంటే, ఆ నాలుగు ఇళ్లు పడగొట్టేవాడికి మనమే డబ్బు ఇచ్చినట్టు. మన ఊళ్లకూ ఇప్పుడు దళారులు తిరుగుతున్నారు. మీ ఇంటి తలుపులు అమ్మకండి, పక్క ఊరివి కొనకండి. కొత్త తలుపు కావాలంటే కొత్త కర్రతోనే చేయించండి, కొత్తదని తెలిసేలా ఉన్నా ఫర్వాలేదు.

భోజనం విషయం పెద్దగా చెప్పేదేమీ లేదు. ఊరి చేపలు, ఊరి బియ్యం, ఊళ్లో వంట చేసే ఆడవాళ్లు. మెనూ కార్డులో పనీర్ బటర్ మసాలా ఉండక్కర్లేదు.

తాళం వేసిన ఇంటితో పోలిక అని మొదట్లో అన్నాను, దానికి నా జవాబు చెప్పి ముగిస్తాను. కాగితం మీద తాళం వేసిన ఇంటికి ఖర్చు సున్నా. కానీ పిట్టగోడలో రావి మొక్క మొలిచిందని, తూములో ఆకులు అడ్డుపడ్డాయని చూసేవాడు లేకపోతే, అలాంటి మిద్దె రెండు మూడు పెద్ద వానాకాలాల తర్వాత బాగుచేయలేని స్థితికి వస్తుంది. 2021 నవంబరు వరదలకు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మన వైపు మట్టి గోడలు, పాత కప్పులు ఎలా కూలాయో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎలాగూ కొత్తది కడతారు, ఆ 130 టన్నులు ఎలాగూ గాలిలోకి పోతాయి. ఇంట్లో మనుషులు తిరుగుతుంటే చుక్క కారిన రోజే కనిపిస్తుంది. టూరిస్టు గదుల వల్ల నేను చూసిన అసలు లాభం ఆ చూపే. ఆ పని ఒక బడితోనో, గ్రంథాలయంతోనో, మీ కుటుంబం అక్కడ కాపురం పెట్టడంతోనో అయ్యేటట్లుంటే అవీ అంతే మంచివి, కొన్నిసార్లు ఇంకా మంచివి. కానీ వాటికి మరమ్మతు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు గదుల అద్దె దగ్గరే జవాబు దొరుకుతోంది.

మీరు నిజంగా దిగదలుచుకుంటే ఈ వానలకు ముందు చేయాల్సింది ఒక్కటే: డాబా శుభ్రం చేయించి, తూములు తెరిపించి, పగుళ్లకు సున్నం పట్టించడం. మిగతా పనంతా సంక్రాంతి తర్వాత. జనవరి నుంచి మార్చి దాకా సున్నపు పనికి మంచి అదను, వాన ఉండదు, ఎండ మరీ ముదరదు. ఏప్రిల్‌లో పూసిన సున్నం తడి నిలవక పొడిపొడిగా రాలుతుంది. ఈలోపు అన్నదమ్ములందరి సంతకాలతో ఒక ఒప్పందం రాసుకోండి, మరమ్మతు ఖర్చు ఎవరిది, అద్దెలో వాటా ఎంత, ఇల్లు పడగొట్టాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అన్నది అందులో ఉండాలి. దూలాల కొసల ఫొటోలు, గోడ కింది భాగం ఫొటోలు పెట్టండి, ఏవి మార్చాలో ఏవి ఉంచవచ్చో చూసి చెబుతాను.